అడిగి వెళ్లిన మాట మగ్గం దాకా రావాలి

భూదాన్ పోచంపల్లి: ఆదివారం పొద్దెక్కితే చాలు, పోచంపల్లి బజారులో హైదరాబాదు బండ్లు బారులు తీరతాయి. పెళ్లి చీరలకని, పండుగ చీరలకని కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. దుకాణాలలో పరచిన తెల్లటి పరుపుల మీద చీరలు గుట్టలు పడతాయి. పది చీరలు విప్పించి చూసిన తరువాత ఒక ఆవిడ అడుగుతుంది: "ఇదే డిజైనులో కాస్త లేత రంగు లేదా?" దుకాణదారు అరలన్నీ వెతికి, "లేదమ్మా, ఇది చూడండి, ఇది బాగా పోతోంది" అంటాడు. ఆవిడ చూసి, పెదవి విరిచి, పక్క దుకాణం మెట్లెక్కుతుంది.

రాత్రి దుకాణం కట్టేటప్పుడు బిల్లు పుస్తకం తీస్తే అమ్ముడైన చీరల లెక్క పైసలతో సహా తేలుతుంది. లేత రంగు అడిగి వెళ్లిపోయిన ఆవిడ లెక్క మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆమె అడిగిన మాట ఆ గడప దగ్గరే ఆగిపోయింది. రెండు వీధుల అవతల నేతగాడు అదే ముదురు రంగు చీరను నేస్తూనే ఉంటాడు.

చేనేతకు మార్కెటింగు సౌకర్యం కావాలన్న మాట వినిపించని సభ లేదు. మార్కెటింగు అనగానే అమ్మకపు కేంద్రాలు తెరవడం, బోర్డులు కట్టడం, ఎగ్జిబిషన్లు పెట్టడం, రిబేటు ఇవ్వడం అనే అభిప్రాయం బలపడిపోయింది. ఇవన్నీ అవసరమే. అయితే కొనే మనిషి ఏమి అడిగిందో వినడం, తరువాతి పడుగులో దాన్ని సరిచేయడం, తిరిగి ఆమెకే చూపించి మళ్లీ ఏమంటుందో వినడం అన్నిటికంటె ముందు పని. ఒకసారి చేసి వదిలేస్తే సరిపోదు. పొలానికి తడి పెట్టినట్టు ఎప్పటికప్పుడు చూసుకోవలసి ఉంటుంది. పోచంపల్లి ఇన్నేళ్లు నిలబడింది ఈ పని చేసుకోబట్టే. ఇప్పుడు తడబడుతున్నదీ ఇక్కడే.

రుమాలు నుంచి పట్టుచీర దాకా

పోచంపల్లి మొదటినుంచీ చీరల ఊరు కాదు. నూలును ముందుగా కట్టి, రంగులో ముంచి, ఆ తరువాత నేసే ఈ విద్యను ఇక్కడివారు చిటికి అంటారు. పట్నంలో ఇక్కత్ అంటే తెలుస్తుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో తెలుగునాట ఈ విద్యకు చీరాల పెట్టింది పేరు. అక్కడ నేసిన తేలియా రుమాళ్లు ఓడలెక్కి అరబ్బు దేశాలకు, తూర్పు ఆఫ్రికాకు, బర్మాకు వెళ్లేవి. నూలును నూనెలోనూ బూడిద నీళ్లలోనూ నానబెట్టి ఎరుపు, నలుపు రంగులు పట్టించేవారు. ఆ నూనె మూలంగానే తేలియా అన్న పేరు వచ్చింది. ఎండ దేశాలలో తలకు చుట్టుకోవడానికి ఈ రుమాలు చలువ అని గిరాకీ ఉండేది. ఆ విద్యే అప్పటి నల్లగొండ జిల్లా పల్లెలకూ చేరింది. పోచంపల్లి, పుట్టపాక పరిసరాల మగ్గాలు రుమాళ్లు నేశాయి.

శతాబ్దం సగానికి వచ్చేసరికి పరదేశపు గిరాకీ తగ్గిపోయింది. మగ్గాలు ఆ గళ్ల రుమాళ్లనే పట్టుకుని కూర్చుని ఉంటే ఊరు వలస పోవలసి వచ్చేది. రుమాలు మీది బొమ్మ చీర మీదికి ఎక్కింది. నూలు చీర నిలదొక్కుకున్న తరువాత, 1970 ప్రాంతంలో పట్టు వచ్చింది. కొయ్యలగూడెం వంటి గ్రామాలు దుప్పట్లకు, తలుపు తెరలకు, మీటర్ల లెక్కన అమ్మే బట్టకు పేరు తెచ్చుకున్నాయి. చుడీదార్ల కాలం రాగానే వాటికి తగిన గుడ్డ కూడా నేశారు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే కోరగా వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు దానం చేసిన ఊరుగా దేశానికి తెలిసిన పోచంపల్లి, తరువాతి తరానికి చీర పేరుగా తెలిసింది.

ఈ మార్పులన్నింటి వెనుకా ఒకే సంగతి కనిపిస్తుంది. పాత కొనుగోలుదారు పోయినప్పుడల్లా కొత్తవారికి ఏమి కావాలో కనుక్కున్నారు. ప్రభుత్వ సంస్థలు, సహకార సంఘాలు, పట్నం వ్యాపారులు, పనిమంతులైన నేతగాళ్లు తలా ఒక చేయి వేశారు. రంగుల విషయమూ అంతే. 1994లో జర్మనీ ఆరోగ్యానికి హాని చేసే కొన్ని అజో రంగులను నిషేధించింది. 1997లో మన దేశంలోనూ నిషేధం వచ్చింది. సముద్రాల అవతల కొనేవారు వేసిన ప్రశ్న ఇక్కడి రంగుల తొట్టి దాకా రాక తప్పలేదు.

ఏడు చీరల పందెం

కొనేవారి మాట మగ్గానికి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే చిటికి పని తీరు తెలియాలి. మిల్లు బట్ట మీద రంగు నచ్చకపోతే వారం తిరగకుండా ఇంకో రంగు అచ్చు వేసి పంపవచ్చు. చిటికి చీరకు అది కుదరదు. బొమ్మ నూలులోనే ఉంటుంది. ముందు గ్రాఫు కాగితం మీద బొమ్మ గీయాలి. గడుల లెక్కన పోగులను విడదీసి, రంగు అంటకూడని చోట పాత సైకిలు ట్యూబు ముక్కలతో బిగించి కట్టాలి. రంగులో ముంచాలి, ఆరబెట్టాలి, కట్లు విప్పాలి. రెండో రంగుకు మళ్లీ కట్టాలి. ఇదంతా అయిన తరువాతే మగ్గం ఎక్కేది.

ఒక పడుగు మీద మామూలుగా ఏడెనిమిది చీరలు దిగుతాయి. ఇంటిల్లిపాదీ చేయి వేస్తే నెల నుంచి నెలన్నర పడుతుంది. అంటే బొమ్మ ఎంపికలోనో రంగు ఎంపికలోనో పొరపాటు జరిగితే తప్పేది ఒక్క చీర కాదు, పడుగంతా తప్పుతుంది. ఒక కుటుంబం నెలన్నర కష్టం, పట్టు కొనడానికి పెట్టిన అప్పు, ఆ అప్పు మీద వడ్డీ అరలో మడతపెట్టి ఉండిపోతాయి.

దీనికి తోడు కాలం లెక్క ఒకటి ఉంది. దసరాకు, బతుకమ్మకు అమ్మవలసిన చీరకు ఆషాఢంలోనే చిటికి పడాలి. మాఘ, ఫాల్గుణ మాసాల పెళ్లిళ్ల సరుకుకు కార్తీకంలోనే రంగు తేల్చుకోవాలి. పండుగ ముందురోజు గిరాకీ ఎటు ఉందో తెలిస్తే ఆ ఏటికి పనికిరాదు. నిరుడు పండుగకు ఎవరు ఏమి అడిగారో రాసి ఉంచుకున్నవాడికే ఈ ఏడు ఏమి కట్టాలో తెలుస్తుంది. నోటి గుర్తును నమ్ముకున్నవాడు మళ్లీ పందెమే కాయాలి.

మాట ఆగేది ఎక్కడ?

ఈ ప్రాంతంలో చాలామంది నేతగాళ్లు సొంతంగా చీర అమ్ముకోరు. మాస్టర్ వీవరు నూలు, పట్టు, బొమ్మ ఇస్తాడు. నేసి ఇచ్చినందుకు పడుగు లెక్కన కూలి ముడుతుంది. మాస్టర్ వీవరు ఆ చీరలను పట్నం దుకాణానికి చేరుస్తాడు. డబ్బు తరచు అరువు మీదనే వస్తుంది. దుకాణంలో చీర విప్పి చూపే అమ్మాయి ఒకరు, కొనే ఆవిడ ఒకరు. కొనే ఆవిడ మాట నేతగాడి చెవిన పడాలంటే ఇన్ని చేతులు దాటాలి.

దాటేసరికి ఆ మాటలో మిగిలేది ఒక్క ముక్క: "మాలు పోవడం లేదు." ఎందుకు పోవడం లేదో ఎవరూ చెప్పరు. రంగు ముదురైందా? బరువైందా? కొంగు వెలవెలబోతోందా? జాకెట్టు ముక్క కలవలేదా? నిరుడు కొన్న చీర మొదటి ఉతుకులో రంగు వదిలిందా? లేక నిజంగానే ధర ఎక్కువైందా? ఇవన్నీ వేరువేరు జబ్బులు, వేటి మందు వాటికే ఉంది. కారణం తెలియనప్పుడు అన్నిటికీ ఒకే మందు వేస్తారు. ధర తగ్గించమంటారు. దుకాణం మాస్టర్ వీవరును అడుగుతుంది. పట్టు ధర, రంగుల ధర ఆయన చేతిలో ఉండవు. చివరికి కోత పడేది కూలి మీదనే. కొంగు రంగు మారిస్తే తీరే సమస్యకు ఒక కుటుంబం కూలి ధర తెగుతుంది. అది చూసిన కొడుకు మగ్గం గుంటలో కాలు పెట్టకుండా హైదరాబాదులో వేరే పని వెతుక్కుంటాడు. వినని మాటకు ఊరు చెల్లించే మూల్యం ఇది.

లేదన్న మాటల పుస్తకం

దీనికి పెద్ద పెట్టుబడి అక్కరలేదు. స్టేషనరీ దుకాణంలో దొరికే గీతల పుస్తకం ఒకటి, పెన్ను ఒకటి చాలు. దుకాణంలోనైనా, సంఘం అమ్మకపు కేంద్రంలోనైనా, ఇంట్లోనే చీరలు చూపే నేతగాడి దగ్గరైనా నాలుగు గడులు గీసి ఉంచుకోవచ్చు. వచ్చినవారు ఏమి అడిగారు, ఏ పనికని అడిగారు, ఎంతలో కావాలన్నారు, చూసి ఎందుకు వద్దన్నారు. మనిషి పేరు, ఊరు అక్కరలేదు. చీర వద్దని వెళ్లిన ప్రతివారికీ ఒక వరస రాస్తే సరి.

ఉదాహరణకు ఒక నెలలో నలభైమంది వద్దని వెళ్లారనుకుందాం. అందులో పదిహేనుమంది రంగు ముదురన్నారు. పన్నెండుమంది జాకెట్టు ముక్క వేరే రంగులో ఉంటే బాగుండునన్నారు. ఎనిమిదిమంది ధర ఎక్కువన్నారు. ఐదుగురు చీర బరువన్నారు. ఈ లెక్క కళ్ల ముందు ఉంటే ధర తగ్గించే ఆలోచన ముందుగా రాదు. ధర తగ్గించినా తిరిగి వచ్చేది ఆ ఎనిమిదిమందిలో కొందరే. తగ్గించిన ధర మాత్రం కొనడానికి సిద్ధంగా ఉన్నవారందరికీ వర్తిస్తుంది. లేత రంగు ఒక పడుగు, వేరే రంగు జాకెట్టు ముక్క ఒక పడుగు వేస్తే ఇరవై ఏడుగురికి జవాబు చెప్పినట్టవుతుంది.

ఇందులో ఒక మెలకువ లేకపోలేదు. మర్యాదకు మన ఆడవాళ్లు "మళ్లీ వస్తాం" అంటారు గాని చీర బాగాలేదని ముఖాన చెప్పరు. ధర ఎక్కువ అనేది కూడా ఒక్కోసారి తప్పించుకునే మాటే. అందుకే నోటి మాటతో పాటు చేతిని కూడా గమనించాలి. ఏ చీరను రెండోసారి తీసి చూశారు, ఏ కొంగును భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడ్డారు, ఏది చూసి ధర చీటీ తిప్పారు అన్నవి కూడా రాసుకోవలసిన సంగతులే. ఒక్క మనిషి మాట విని పడుగు మార్చడమూ తప్పే. అదే మాట పదిమంది నోట వినిపించిందా లేదా అన్నది పుస్తకం చెబుతుంది.

ఐదు తెలిసినవి, రెండు కొత్తవి

మాట విన్నంత మాత్రాన పడుగంతా మార్చి కూర్చుంటే మళ్లీ పందెం కాసినట్టే. చేనేతకు ఉన్న ఒక సౌలభ్యం ఇక్కడ అక్కరకు వస్తుంది. పడుగు అన్ని చీరలకూ ఒకటే అయినా పేక మార్చుకోవచ్చు. పడుగు సాదాగా ఉండి పేకలో చిటికి ఉన్న చీరలకయితే ఒక్కో చీరకు ఒక్కో కొంగు, ఒక్కో రంగు వేసే వీలుంది. ఏడు చీరల పడుగులో ఐదు తెలిసిన రంగులో నేసి, రెండు మాత్రం కొత్తగా అడిగిన రంగులో నేస్తే, పరీక్ష తప్పినా నష్టం రెండు చీరలతో ఆగుతుంది. పడుగు, పేక రెండింటికీ చిటికి పడే డబుల్ ఇక్కత్‌కు ఈ వెసులుబాటు తక్కువ. దానిలో కొత్త బొమ్మ వేయదలిస్తే ముందుగా దుపట్టా మీదనో చిన్న గుడ్డ మీదనో చూసుకోవడం మంచిది.

మరో నియమం ఉంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. రంగు, కొంగు, అంచు, ధర అన్నీ ఒకేసారి మారిస్తే చీర అమ్ముడుపోయినా దేనివల్ల పోయిందో తెలియదు. అమ్ముడుపోకపోయినా దేనివల్ల ఆగిందో తెలియదు. ఈసారి రంగు మాత్రమే, వచ్చేసారి కొంగు మాత్రమే మారిస్తే ఏడాది తిరిగేసరికి చేతిలో నాలుగైదు గట్టి సంగతులు ఉంటాయి.

ప్రతి చీర మడతలో ఒక చిన్న చీటీ పెట్టి మగ్గం దిగిన తేదీ రాయాలి. అమ్మిన రోజు ఆ చీటీ తీసి అమ్మిన తేదీ వేయాలి. ఒక చీర పది రోజుల్లో పోయింది, మరొకటి నాలుగు నెలలు ఉంది అంటే రెండింటి మీదా వేసుకున్న లాభం ఒకటే అయినా, నిజానికి మిగిలింది ఒకటి కాదు. నాలుగు నెలల వడ్డీ రెండో చీర లాభాన్ని తినేస్తుంది. ఈ చీటీలను కట్ట కట్టి ఆషాఢంలో ఒకసారి, కార్తీకంలో ఒకసారి ముందేసుకుని కూర్చుంటే తరువాతి కాలానికి ఏ బొమ్మ పెంచాలి, ఏది మానాలి అన్నది తేలిపోతుంది.

నకిలీకి జవాబు

పోచంపల్లి బొమ్మను యంత్రం మీద అచ్చువేసి తక్కువ ధరకు అమ్మడం చాలాకాలంగా సాగుతోంది. కొనేవారిలో చాలామందికి తేడా తెలియదు. అచ్చు చీరకు వెనకవైపు సాధారణంగా రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. చిటికి చీరకు బొమ్మ రెండువైపులా ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు, ఈక మొనల్లాగా ఉంటాయి. ఆ చెదురును లోపమనుకుని వద్దని వెళ్లేవారూ లేకపోలేదు. అది చేతి పనికి గుర్తు అని చీర విప్పినప్పుడే చెప్పవలసిన బాధ్యత అమ్మేవారిది. తన సరుకు గొప్పను తానే చెప్పుకోలేని దుకాణం ధరలో నకిలీతో పోటీ పడవలసి వస్తుంది. ఆ పోటీలో మగ్గం ఎన్నటికీ గెలవదు.

చట్టం కూడా అండగా ఉంది. ఒక ప్రాంతం పేరుతో ప్రసిద్ధికెక్కిన సరుకులకు రక్షణ ఇచ్చే భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చింది, 2003 సెప్టెంబరు 15 నుంచి అమలులోకి వచ్చింది. 2004-05లో పోచంపల్లి ఇక్కత్‌కు ఈ గుర్తింపు లభించింది. దేశంలో తొలి గుర్తింపులలో ఇదొకటి. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. అయితే ఊరికి గుర్తింపు రాగానే ప్రతి నేతగాడి పనీ అయిపోలేదు. ఆ గుర్తును చీర మీద వాడుకోవాలంటే అధీకృత వాడకందారుగా విడిగా నమోదు కావాలి. చేనేత వస్త్రమని తెలిపే హ్యాండ్లూమ్ మార్కు 2006 నుంచి ఉంది. పట్టుకు సిల్కు మార్కు ఉంది. వీటిని తీసుకోవడంతో పాటు, ఆ చీటీ అర్థమేమిటో కొనేవారికి ఒక్క నిమిషం చెప్పడం కూడా అమ్మకంలో భాగమే. దుకాణం గోడకు తగిలించిన సర్టిఫికెట్టును కొనేవారు చదవరు. చీర రెండువైపులా తిప్పి చూపిస్తే మరచిపోరు.

ఫోనులో బేరం

2020లో కరోనా లాక్‌డౌన్ వచ్చి బజారు మూతపడినప్పుడు చీరలు అరల్లోనే ఉండిపోయాయి. ఆ రోజుల్లో పలువురు ఫోను పట్టుకున్నారు. వాట్సాప్‌లో ఫోటో పెట్టడం, ఫోనులోనే డబ్బు తీసుకోవడం, కొరియరులో పంపడం అలవాటయింది. ఈ బేరంలో ఒక లాభం ఉంది. మధ్యలో చేతులు తగ్గాయి. కొనే ఆవిడ మాట నేరుగా వస్తోంది, అదీ రాతపూర్వకంగా. "ఇందులో ఆకుపచ్చ ఉందా" అని ఎవరు ఏ రోజు అడిగిందీ ఫోనులోనే ఉంటుంది. నెలకోసారి ఆ మాటలను తిరగేసి పుస్తకంలోకి ఎక్కించుకుంటే చాలు.

చిక్కులూ ఉన్నాయి. ట్యూబులైటు కింద తీసిన ఫోటోలో రంగు ఒకలా, ఇంటికి వెళ్లిన చీరలో ఒకలా ఉంటే చీర తిరిగి వస్తుంది. పోనూ రానూ ఖర్చు అమ్మినవారికే పడుతుంది, నమ్మకం కూడా పోతుంది. పగటి పూట నీడ పట్టున తీసిన ఫోటో అసలు రంగుకు దగ్గరగా ఉంటుంది. కొంగు, అంచు, వెనకవైపు, జాకెట్టు ముక్క విడివిడిగా చూపాలి. చీర పొడవు, జాకెట్టు ముక్క అందులో కలిసిందా లేదా, ఎలా ఉతకాలి అన్నవి ముందే రాయాలి. మళ్లీ మళ్లీ వస్తున్న ప్రశ్న ఏదైనా ఉంటే, దాని జవాబు మనం ముందే చెప్పలేదని అర్థం. దాన్ని తరువాతి ఫోటో కిందనే రాసేస్తే ఆ ప్రశ్న మళ్లీ రాదు.

చీర పంపి డబ్బు అందుకోవడంతో బేరం ముగిసిందని అనుకోవడం పొరపాటు. రెండు వారాలు పోయిన తరువాత "చీర ఉతికారా అమ్మా, రంగు నిలిచిందా?" అని ఒక్క మాట అడిగితే రెండు ప్రయోజనాలు. రంగు వదిలి ఉంటే తొట్టి దగ్గరి లోపం తెలుస్తుంది. నిలిచి ఉంటే ఆ ఆవిడే పదిమందికి చెబుతుంది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. రోజూ ఇరవై ఫోటోలు పంపితే ఎంత అభిమానం ఉన్నవారైనా విసుగెత్తి నంబరు ఆపేస్తారు. అడిగిన రంగు మగ్గం దిగినప్పుడు అడిగినవారికే పంపితే, అది ప్రకటనలా కాక మాట నిలబెట్టుకున్నట్టు ఉంటుంది.

ఊరికి వచ్చేవారు కూడా పెరగడానికి దారి పడింది. 2021లో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ పోచంపల్లిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంపిక చేసింది. మగ్గం చూడటానికి వచ్చినవారితో నేతగాడు నేరుగా మాట్లాడే అవకాశం పూర్వం ఇంతగా లేదు. వచ్చినవారు ఫోటో తీసుకుని వెళ్లిపోయేలోగా "మీరయితే ఏ రంగు కట్టుకుంటారు?" అని అడగడానికి ఖర్చేమీ లేదు.

మిగిలిన సమయం విలువ

అడిగిన చీరను త్వరగా ఇవ్వగలగడం కూడా అమ్మకంలో బలమే. ఇందుకు ఆలేరు మండలం శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం యంత్రం మంచి నిదర్శనం. పేక నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ తిప్పే ఆసు పని ఈ ప్రాంతంలో ఎక్కువగా ఆడవాళ్లదే. ఒక చీరకు చేతిని వేల సార్లు ఆడించాలి, నాలుగైదు గంటలు పట్టేది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆయన ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రాన్ని తయారు చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. గంటన్నరలో ఒక చీర ఆసు పూర్తవుతుంది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆ యంత్రం తల్లుల భుజాలను కాపాడింది. అంతేగాక ఒక చీరకు ఒక బొమ్మ, ఇంకో చీరకు ఇంకో బొమ్మ వేసి చూసే పనిని తేలిక చేసింది. మిగిలిన ఆ సమయాన్ని నిరుటి బొమ్మనే ఇంకా ఎక్కువ నేయడానికి వాడితే అరలో గుట్ట పెరుగుతుంది. అడిగిన బొమ్మను వేసి చూడటానికి వాడితే చేతికి డబ్బు వస్తుంది.

సంఘాలు ఏమి చేయవచ్చు?

సహకార సంఘాలు, అధికారులు తలచుకుంటే ఈ పని ఊరంతటికీ ఉపయోగపడేలా చేయవచ్చు. ఎగ్జిబిషను స్టాలులో అమ్మకం తెలిసిన ఉద్యోగితో పాటు ఒక నేతగాడిని కూడా కూర్చోబెడితే, కొనేవారి మాట ఆయన చెవినే పడుతుంది. అమ్మకపు కేంద్రాలు నెలనెలా అమ్మిన లెక్కతో పాటు అడిగి లేక వెళ్లిన లెక్కను కూడా సంఘానికి పంపాలి. ఏటా ఆగస్టు 7న జరిగే జాతీయ చేనేత దినోత్సవం రోజున సన్మానాలతో పాటు, ఆ ఏడాది కొనేవారు ఏమన్నారో చదివి వినిపిస్తే బాగుంటుంది. ఆ రోజు దసరా చీరలు మగ్గాల మీద ఉంటాయి. పెళ్లిళ్ల సరుకుకు ఇంకా వ్యవధి ఉంటుంది.

మాస్టర్ వీవర్లు కూడా ఆలోచించవలసి ఉంది. కొనేవారి మాటను దాచుకుంటే తమ పట్టు నిలుస్తుందని కొందరి భావన. మాట తెలియని నేతగాడు చెప్పిన బొమ్మ నేస్తాడు. తెలిసినవాడు తన బుర్ర కూడా కలిపి నేస్తాడు. కొత్త బొమ్మ ఆడినప్పుడు ఆ లాభంలో కాస్త కూలిలో కనబడితే, తరువాతి బొమ్మ ఇంకా బాగా వస్తుంది.

రుమాలు పోయినప్పుడు పోచంపల్లి చీర నేర్చింది. నూలు చాలనప్పుడు పట్టు నేర్చింది. నేర్వగల ఊరని రుజువు చేసుకుంది. ఇక కావలసింది ఆ నేర్పు పదేళ్లకోసారి గండం వచ్చినప్పుడు గాక ప్రతి పడుగుకూ జరగడమే. లేత రంగు అడిగి వెళ్లిన ఆవిడ వచ్చే ఆదివారమో, వచ్చే పండుగకో మళ్లీ ఈ బజారుకు రాకపోదు. అప్పటికి ఆ చీర మగ్గం దిగి ఉండాలంటే, ఆమె గడప దాటిన ఆ క్షణంలోనే ఎవరో ఒకరు ఆ మాట రాసుకుని ఉండాలి.